పాట ఏ కంతలో దూరాలి?

1902లో కావేరి మీద శివనసముద్రం దగ్గర కరెంటు పుట్టించి, దాదాపు 150 కిలోమీటర్ల పొడవున తీగలు లాగి, మైసూరు సంస్థానం వాళ్ళు దాన్ని మా కోలారు బంగారు గనులకు తెచ్చారు. అప్పటికి బెంగళూరు వీధుల్లో ఇంకా కరెంటు దీపం వెలగలేదు. ఆ కరెంటు ఇక్కడ రాయిని పిండి చేసింది, మూడు కిలోమీటర్ల లోతు దాకా గాలి తోలింది. 2001 ఫిబ్రవరి 28న గనులకు తాళం పడ్డాక పాపం దానికి చెప్పుకోదగ్గ పని లేకపోయింది. ఇప్పుడు రాబర్ట్‌సన్‌పేటలో మా బావ ఇంటి హాల్లో కొత్త ఉద్యోగం దొరికింది. పాట యూఎస్‌బీ కంతలో దూరాలా, నెట్‌వర్క్ కంతలో దూరాలా అన్న తగవుకు సాక్షిగా నిలబడటం.

ఈ తగవు తెలియని అదృష్టవంతుల కోసం రెండు ముక్కలు. పాట ఇప్పుడు కంప్యూటర్లో అంకెలుగా పడి ఉంటుంది. ఆ అంకెల్ని మళ్ళీ శబ్దం చేసే పెట్టె పేరు డ్యాక్. దాని వీపున కంతలుంటాయి. యూఎస్‌బీ కంత వాడాలంటే కంప్యూటర్ని పక్కనే కూర్చోబెట్టి తీగ తగిలించాలి. ఐదు మీటర్లు దాటితే ఆ తీగ మొరాయిస్తుంది. నెట్‌వర్క్ కంతయితే కంప్యూటర్ ఏ అటక మీదున్నా సరే, రౌటర్ గుండా పాట నడిచొస్తుంది. తీగ వంద మీటర్లు లాగినా అభ్యంతరం లేదు. రెండు దారుల్లోనూ వచ్చేవి అవే అంకెలు. సీడీ నాణ్యత పాటకు సెకనుకు 14 లక్షల పైచిలుకు బిట్లు. కరోనా కాలంలో ఇద్దరు పిల్లల ఆన్‌లైన్ క్లాసులు మోసిన రౌటర్‌కు ఇదొక బరువా? కథ ఇక్కడితో అయిపోవాలి. అయిపోతే మా బావ ఆదివారాలు ఏం కావాలి?

పొద్దున్నే మారికుప్పంలో బెంగళూరు రైలెక్కే ఉద్యోగుల్లో మా బావ, ఆయన మిత్రులు ఒక బెంచీ. బంగారుపేట వచ్చేసరికి నిలువు నామాలకూ అడ్డ నామాలకూ మధ్య జరిగినంత చర్చ జరిగిపోతుంది. డబడబలాడే పెట్టెలో, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అరుచుకుంటూ, వాళ్ళు మాట్లాడుకునేది నిశ్శబ్దం గురించి.

నెట్‌వర్క్‌లో పాట ముక్కలై వస్తుంది కాబట్టి అతుకులు వినిపిస్తాయని యూఎస్‌బీ వర్గం వాదన. ముక్క తప్పిపోతే మళ్ళీ అడిగి తెప్పించుకునే ఏర్పాటు ఆ దారిలో మామూలే. పైగా కొన్ని సెకన్ల పాట ముందే పోగేసుకుంటుంది. యూఎస్‌బీలో కంప్యూటర్ గడియారం తడబడి తాళం చెడుతుందని నెట్‌వర్క్ వర్గం ఎదురు వాదన. ఈ రోజుల్లో వస్తున్న డ్యాక్‌లు చాలావరకు తమ గడియారాన్నే నమ్ముకుని, కంప్యూటర్‌కు తామే వేగం చెబుతాయి. యూఎస్‌బీలో ముక్క పోతే తిరిగి రాదన్నది నిజమే. అప్పుడు టప్పుమని చప్పుడొస్తుంది. అంతేగానీ వీణ కాస్త సన్నబడటం, మృదంగం కాస్త పల్చబడటం లాంటివి జరగవు. పాడైన అంకెలకు అంత కళాదృష్టి ఉండదు.

నిజంగా వినిపించే రొద ఒకటుంది. దాని జోలికి ఇద్దరూ పోరు. ల్యాప్‌టాప్ చార్జింగులో ఉన్నంతసేపూ మా బావ స్పీకర్లు గుర్రుమంటాయి. చార్జర్‌లోంచి జారే కరెంటు యూఎస్‌బీ తీగ పట్టుకుని డ్యాక్‌లోకి దిగుతుంది. మామూలు ఈథర్‌నెట్ తీగకయితే పెట్టె గుమ్మంలోనే చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు కాపలా ఉంటాయి; సంకేతం దాటుతుంది, ఆ రొద చాలావరకు బయటే ఆగిపోతుంది. ఒకప్పుడు గనుల్లో పనిచేసిన ముసలి ఎలక్ట్రీషియన్ వచ్చి, స్పీకర్ల వంకైనా చూడకుండా పెరట్లోకి నడిచి, ఎర్త్ గుంత ఎండిపోయిందన్నాడు. వెయ్యి అడుగులు దాటినా బోరుకు తడి తగలని జిల్లా మాది. బెంగళూరు వాడి వదిలేసిన నీళ్ళను శుద్ధి చేసి 2018 నుంచి మా చెరువుల్లోకి తోలుతున్నారు గానీ, మా బావ ఎర్త్ గుంతకు ఇంకా వాటా రాలేదు. బిందెడు నీళ్ళు, గుప్పెడు ఉప్పు పడగానే గుర్రు సగమైంది. చార్జర్ పీకేస్తే మిగతా సగమూ పోయింది. మా బావ మొహం మాడిపోయింది. ఉప్పుకు బ్రాండు లేదు, రివ్యూ లేదు, రైల్లో చెప్పుకోవడానికి ఏమీ లేదు.

రొద వదిలించుకోవడమంటే ఏమిటో ఈ ఊరికి ఎవరూ నేర్పనక్కర్లేదు. 1965లో చాంపియన్ రీఫ్ గనిలో, రెండు కిలోమీటర్లకు పైగా లోతున, టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళూ, జపాన్, ఇంగ్లండు శాస్త్రజ్ఞులూ కలిసి న్యూట్రినోలనే కణాల జాడ పట్టారు. అంత లోతుకు దిగింది, ఆకాశంలోంచి కురిసే కాస్మిక్ కిరణాలను పైనున్న రాయి అడ్డుకుంటుందని. ఎంత లోతుకు పోతే ఎంత తగ్గుతుందో ముందు కొలిచారు, ఆ తరవాత పరికరాలు పెట్టారు. మా బావ ముందు ‘ఆడియో గ్రేడ్’ నెట్‌వర్క్ స్విచ్ కొన్నాడు. కొలత మాటెత్తితే చెవులకు మించిన మీటరుందా అంటాడు. ఆ చెవులకు అక్క వంటింట్లోంచి పిలిచే పిలుపు మాత్రం అందదు.

నన్నడిగితే, బల్ల ముందు ఒంటరిగా కూర్చుని వినేవాడికి యూఎస్‌బీ చాలు. చవక, తిరకాసు తక్కువ. ఇంటిల్లిపాదీ వినే హాల్లో నెట్‌వర్క్ మేలు. దానికి శబ్దశుద్ధి కారణం కాదు. త్యాగరాజ కృతి అనుపల్లవిలో ఉండగా ల్యాప్‌టాప్‌కొచ్చిన మెసేజి నిలువెత్తు స్పీకర్లలోంచి టింగుమనకుండా ఉంటుంది. అయితే నెట్‌వర్క్ పెట్టెలు యాప్ దయాదాక్షిణ్యాల మీద బతుకుతాయి. కంపెనీవాడు యాప్‌ను పట్టించుకోవడం మానేస్తే పెట్టె కాస్తా పూలకుండీకి పీట అవుతుంది.

ఇంతకూ ఇంత సరంజామా మీద మా బావ వినేది మాయాబజార్ పాటలు. 1957 సినిమా, ఒకే ఛానెల్ శబ్దం. అదీ ఎవరో ఎక్కడినుంచో దించి 128 కేబీపీఎస్‌కు నలగ్గొట్టిన ఎంపీత్రీ. దాన్ని డ్యాక్ 192 కిలోహెర్ట్జ్‌కు సాగదీసిందని నీలం దీపం వెలిగితే మా బావ కళ్ళు మూసుకుని తలాడిస్తాడు.

మొన్న మళ్ళీ ఎలక్ట్రీషియన్‌కు కబురెళ్ళింది. విదేశం నుంచి ఫ్యూజు తెప్పించాడు మా బావ. దాని మీద బాణం గుర్తుంది. కరెంటు పోయే దిక్కుకే బాణం ఉండేలా బిగించాలట.

ముసలాయన ఫ్యూజును అటూ ఇటూ తిప్పి చూశాడు. “కరెంటు సెకనుకు నూరుసార్లు దిక్కు మార్చుకుంటాది సార్. బాణం ఏ పక్కకు పెట్టమంటారు?”

మా బావ కాసేపు ఆలోచించాడు. “అయితే ఇంకొకటి తెప్పిస్తాలే. రెండో పక్కకు అది పెడుదువు.”