రేకుల అడుగున చౌడు

జమ్మలమడుగు పక్క పల్లెలో మా పాతిల్లు మట్టిమిద్దె. వానలకు ముందు నాయన చౌడు తోలించి మిద్దె మీద పరిపించేవాడు. చౌడులోని ఉప్పుకు బంకమన్ను మెదిగి సందులు పూడుకుపోతాయి, నీళ్లు దిగవు. చౌడంటే ఇంటిని కాచే మన్ననే నమ్మకం నాకు అక్కడే పడింది.

తర్వాత ప్రొద్దుటూరులో మా ఇంటి పెరటి గదికి పక్కగోడలుగా జీఐ రేకులు బిగించినప్పుడు నేలకూ రేకుకూ మధ్య వేలెడు సందు మిగిలింది. తేళ్లొస్తాయని దాని నిండా చౌడు కూరి, జానెడెత్తు కట్ట పోశాను. స్నానాల నీళ్లు ఆ పక్కనే పారేవి. "ఆ మన్ను ఎప్పుడు చూసినా పచ్చిగానే ఉంటాంది, తీసెయ్ నాయనా" అని అమ్మ చెప్తూనే ఉంది. ఆ గదిలో పడుకునేది ఆమే. నేను వినలేదు. తుప్పు సముద్రం ఒడ్డు వాళ్ల బాధ, ఈ ఎండల్లో మనకేం అనుకున్నాను. ఉప్పును నా చేతులతోనే తెచ్చి రేకు మొదట్లో పోశానన్న ఊహే లేదు.

మొదట రేకు మీద తెల్లటి పొడి లేచింది. సున్నమనుకుని తుడిచేశాను. అది జింకు తరిగిపోతున్న గుర్తు. జీఐ రేకు చేసేటప్పుడు 450 డిగ్రీల వేడిలో కరిగించిన జింకులో ఇనుప రేకును ముంచి తీస్తారు. ఫ్రాన్సులో సోరెల్ అనే ఆయన 1837లో పేటెంటు పొందిన పద్ధతి ఇది. గీత పడినా పక్కనున్న జింకు తాను కరిగి ఇనుమును కాస్తుంది. గాలాడుతూ తడిసి ఆరుతుంటే జింకు మీద గట్టి పొర కట్టుకుంటుంది. ఉప్పు, తడి వదలకుండా ఉంటే ఆ పొర నిలవదు.

పొడి మళ్లీ రాగానే దాని మీదే ఆయిల్ ఎనామిల్ కొట్టించాను. ఆ రంగులోని నూనె జింకుతో కలిసి సబ్బవుతుందట. వేసవికి రంగు ఉల్లిపొరలా లేచింది, వెనక అంతా ఎర్రతుప్పు. వానకు అమ్మ పరుపు తడిసింది. ఆ రాత్రి ఆమె నన్నొక్క మాటా అనలేదు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

పులివెందుల నుంచి వచ్చిన రేకుల మేస్త్రీ స్క్రూడ్రైవరు మొన ఆనించాడు. అది అవతలికి దిగిపోయింది.

"అన్నా, ఈడ చౌడు పోసిందెవురు?"

"నేనే."

చౌడంతా తవ్వి తీయించాడు. చెడిన మేర కోసి, ఇనుప రజను తుడిచి, కోసిన అంచుకు జింకు ప్రైమరు పూశాడు. తెల్లపొడి ఉన్నచోట నైలాను బ్రష్షుతో రుద్ది, మంచినీళ్లతో కడిగి, బాగా ఆరాక జీఐ ప్రైమరు, ఆ పైన రంగు. అడుగున నాపబండల వరస పెట్టి, రేకును దానికి తగలకుండా ఆపాడు. బండలను అతికిన పచ్చి సిమెంటు కూడా జింకును తింటుందని అప్పుడే తెలిసింది.

మొన్న మా చిన్నాయన గొర్రెల కొట్టానికి రేకులు కొన్నాడని వినగానే ఫోన్ చేశాను. బిగించేలోపు పేర్చిన రేకుల మధ్య వాననీళ్లు నిలవనీయొద్దన్నాను. పెంట, ఉచ్చ తగిలే ఎత్తు వరకు బండలే కట్టమన్నాను. "బండలకు ఖర్చైతాది కదరా" అన్నాడు. ఆదివారం నేనే వచ్చి దగ్గరుండి పెట్టిస్తానని చెప్పాను.