23 కోట్ల దున్న ఈనింది, దూడను కట్టేయండి

దీపావళి దగ్గర పడుతుంటే టపాకాయల ధరలతోపాటు దున్నపోతుల ధరలూ పైకి లేస్తాయి. టీవీ తెర మీద నిగనిగలాడే నల్లటి దున్న, దాని మెడలో పూలదండ, పక్కన తలపాగా చుట్టుకున్న యజమాని, ఇద్దరి మధ్య ఒక మైకు. కింద పరుగెత్తే అక్షరాలు: ‘ఈ దున్న ఖరీదు అక్షరాలా 23 కోట్లు!’ చివర ఆశ్చర్యార్థకం తప్పకుండా ఉంటుంది. ‘ఎవరు కొన్నారు?’ అన్న ప్రశ్నార్థకం మాత్రం ఎక్కడా కనిపించదు.

ఆ 23 కోట్ల ముర్రా దున్న పేరు అన్‌మోల్. హర్యానాలోని సిర్సా దాని ఊరు. 2024లో పుష్కర్ సంతలోనూ మీరట్ రైతు మేళాలోనూ సెల్ఫీలకు నిలబడింది. అప్పటికి ఎనిమిదేళ్ల వయసు, 1,500 కిలోల బరువు. రోజుకు పావుకిలో బాదం, నాలుగు కిలోల దానిమ్మ, 30 అరటిపండ్లు, 20 గుడ్లు, ఐదు లీటర్ల పాలు. నెయ్యి, సోయా, మొక్కజొన్న వేరే. రెండు పూటలా స్నానం, బాదం నూనె, ఆవనూనె కలిపి మర్దన. ఇంతా కలిపి రోజు ఖర్చు 1,500 రూపాయలని యజమాని లెక్క. సంచీ పట్టుకుని బజారుకెళ్లే మనిషెవరైనా ఈ చీటీ చూస్తే ముందు అడిగేది దున్న గురించి కాదు, ‘దానిమ్మ ఏ కొట్లో తెస్తున్నావయ్యా?’ అని.

ఇక రాబడి. వీర్యం అమ్మకం మీద నెలకు నాలుగైదు లక్షలు వస్తాయని చెప్పారు. సరే, ఐదు లక్షలే వేసుకుందాం. 23 కోట్లు పెట్టి కొన్నవాడికి పెట్టుబడి తిరిగి రావాలంటే 460 నెలలు పడుతుంది. అంటే 38 ఏళ్ల పైచిలుకు. ఎనిమిదేళ్ల దున్న తన 46వ ఏట దాకా కాలు నొప్పి, కీళ్లవాతం అనకుండా డ్యూటీకి హాజరు కావాలి. గేదె జాతికి పాతికేళ్లు బతకడమే గగనం. ఈ లెక్కలో బాదం ఖర్చు తీసెయ్యలేదు, పాలేరు జీతం తీసెయ్యలేదు. అదే డబ్బు ఆరు శాతం వడ్డీకి బ్యాంకులో పడేస్తే నెలకు పదకొండు లక్షలు దాటి వస్తుంది, పేడ ఎత్తే పని కూడా ఉండదు.

‘పోనీ, అమ్మేస్తారా?’ అని మైకు అడుగుతుంది. అమ్మరు. ఇంట్లో మనిషిలా పెంచుకున్నారట. ఇక్కడుంది కిటుకంతా. అమ్మని సరుకు ధరకు పైకప్పు ఉండదు. ఆ లెక్కన మా వీధి చివరి వేపచెట్టు ఖరీదు 40 కోట్లు. నేను అమ్మను, కాబట్టి కాదనేవాడు లేడు.

ఇదే ప్రపంచంలో నిజంగా డబ్బు చేతులు మారిన పశువులూ ఉన్నాయి. మన ఒంగోలు జాతి సంతతే, బ్రెజిల్‌లో ‘నెలోర్’ అని పిలిచే జాతిలోని వియాటినా-19 అనే ఆవు. 2023లో దాని మూడో వంతు వాటాను వేలం వేసి అమ్మారు. ఆ పాట ధరను బట్టి మొత్తం ఆవుకు సుమారు 43 లక్షల డాలర్లని విలువ కట్టారు. ఆ ధర ఎక్కువా తక్కువా అన్నది వేరే చర్చ, ఎవరో ఒకరు జేబులోంచి తీశారన్నది ఖాయం. మన కోట్ల దున్నలన్నీ ఇంతవరకూ మాటల్లోనే అమ్ముడయ్యాయి.

అన్‌మోల్ మొదటిదేమీ కాదు. అంతకుముందు కురుక్షేత్ర దున్న యువరాజ్ ఉండేది, 9 కోట్లు. తర్వాత కైథల్ సుల్తాన్ వచ్చింది, 21 కోట్లు. సాయంత్రమైతే దానికి విస్కీ పోసేవారని పత్రికలు ముచ్చటగా రాశాయి. 2021లో గుండెపోటుతో పోయింది. 21 కోట్ల ఆస్తి ఒక్కరోజులో ఆవిరైతే దేశంలో ఒక్క బ్యాంకు మేనేజరూ ఉలిక్కిపడలేదు, ఒక్క ఆడిటరూ పరుగెత్తలేదు. ఆ ధర నిజమని నమ్మినవాళ్లలో డబ్బు లెక్కలు చూసేవాళ్లెవరూ లేరన్నమాట.

పుష్కర్‌లో గుర్రాలదీ ఇదే వరస. 2025లో అక్కడికొచ్చిన షాబాజ్ అనే మార్వాడీ మగ గుర్రానికి 15 కోట్లన్నారు, ఒకసారి దాటించడానికి 2 లక్షలన్నారు. గుర్రాన్ని నేను క్షమించగలను. కొనేవాడికి అది సరదా, ఊరేగింపు, పొరుగువాడి కడుపుమంట. వాటికి ఎంత పెట్టుకున్నా అతని ఇష్టం. దున్నపోతు సంగతి అది కాదు. దాని పేరు చెప్పి అమ్మే కృత్రిమ గర్భధారణ సూది పడేది రెండు గేదెల పాలు కేంద్రంలో పోసి, పదిహేను రోజుల బిల్లుతో బడి ఫీజు కట్టే ఇంట్లో.

యజమానిని నేను తప్పు పట్టను. సరుకున్నవాడు గొప్పలు చెప్పుకుంటాడు, అది వ్యాపారం. ఆ గొప్పలను దండోరా కొట్టి పంచే చానెళ్ల మీదే నా గొడవంతా. రూపాయి తీసుకోకుండా వీర్యం ప్రకటనలు వేస్తున్నామన్న సంగతి వాళ్లకే తెలియదు. ‘దున్నపోతు ఈనింది’ అని ఒకరంటే ‘దూడను కట్టెయ్యి’ అన్నవాడు మన సామెతలో ఒక్కడే. ఇప్పుడు ప్రతి స్టూడియోలోనూ ఒకడు పలుపుతాడు పట్టుకుని తయారుగా ఉన్నాడు.

దీపావళి వెళ్లాక హైదరాబాద్ నారాయణగూడలో సదర్ జరుగుతుంది. యాదవులు దున్నలకు నూనె పట్టించి, గవ్వల దండలు వేసి, డప్పుల మోతలో ముందు కాళ్లెత్తించి ఆడించే పండగ. చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. ఆ వేడుకకు హర్యానా దున్నలు లారీల్లో దిగుతాయి. దిగనీ, పండగకు అతిథి వస్తే తప్పేముంది? వాటి మెడలో వేసే ధరల పలకే చిక్కు తెస్తుంది. పండగ అయ్యాక దున్న వెనక్కి వెళ్తుంది, పలక మాత్రం ఇక్కడే ఉండిపోయి జిల్లాల్లో తిరుగుతుంది. సెల్‌ఫోన్‌లో ఫొటో పట్టుకుని ఏజెంటు కుర్రాడు పశువుల పాకలోకి వస్తాడు.

‘ఇది మామూలుది కాదు బాబాయ్, యువరాజ్ లైను.’

‘దాని కూతుళ్లు పూటకెన్ని పాలిస్తున్నాయిరా?’

‘తొమ్మిది కోట్లు బాబాయ్!’

బాబాయ్ లీటర్లలో అడిగాడు, వాడు కోట్లలో చెప్పాడు. ఈ రెండు కొలతలకూ మధ్య మారకం రేటు ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

గేదె ఎదకొచ్చిన పూట ఊళ్లో ఆ సూది వేసే గోపాలమిత్ర తెచ్చే డబ్బా మూత తీస్తే తెల్లటి పొగ వస్తుంది. లోపల మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజని. పట్టకారుతో పైకి తీసేది పావు మిల్లీలీటరు పట్టే సన్నటి గొట్టం, దాన్నే స్ట్రా అంటారు. 37 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో అరనిమిషం ఉంచి, తుడిచి, గన్నులో పెడతాడు. ఒక్కో స్ట్రాలో 2 కోట్ల వీర్యకణాలు ఉండాలని కేంద్ర ప్రభుత్వ ప్రమాణం. ఈ వ్యవహారం మొత్తంలో లెక్క తేలే కోట్లు అవే. స్ట్రా మీద దున్న నంబరు, జాతి, తయారైన కేంద్రం, తేదీ అచ్చువేసి ఉంటాయి. ఆ నంబరు పట్టుకుంటే తల్లి పాలెన్ని, అక్కచెల్లెళ్ల పాలెన్ని, రోగపరీక్షలు ఎప్పుడు చేశారు అన్నవి రికార్డులో దొరకాలి. మనం అది చదవం. చదవడానికి అందులో బాదంపప్పు లేదు మరి.

దున్న పాలివ్వదు గనక దాని విలువ దాన్ని చూసి చెప్పలేం. దాని వీర్యంతో ఊరూరా గేదెలను చూడి కట్టించాలి. పుట్టిన దుడ్డెలు పెరిగి పడ్డలై ఈనాలి. ముర్రాలో తొలి ఈతకే మూడున్నర, నాలుగేళ్లు పడుతుంది. ఆపైన ఈతంతా, పది నెలలపాటు, వాటి పాలు కొలిచి రాయాలి. ఒకటి రెండు ఇళ్లలో కాదు, రకరకాల చేతుల కింద, రకరకాల మేతల మీద పదుల కొద్దీ కూతుళ్లవి. అప్పుడు తేలుతుంది అది మంచి దున్నా, వట్టి దున్నా అని. హిసార్‌లో కేంద్ర గేదెల పరిశోధన సంస్థ 1985లో పుట్టింది ఇలాంటి పనికే. అక్కడి పశువులకు పూలదండలుండవు, నంబర్లుంటాయి. కెమెరాలు అటు పోవు.

వంశం ముఖ్యం కాదని నేననను. గోదావరి జిల్లాల్లో స్థానిక గేదెలను తరాల తరబడి ముర్రాతో దాటించబట్టే గోదావరి గేదె అనే రకం తయారైంది. ఆ పని చేసిన దున్నల్లో ఒక్కదాని పేరూ మనకు తెలియదు, ఒక్కటీ దానిమ్మ తిని ఉండదు. వంశం ఎంతవరకు పనిచేస్తుందో కూడా తెలిసిందే: ఒకే మందలో గేదెకూ గేదెకూ పాలల్లో కనబడే తేడాలో వంశం వాటా సుమారు పావు వంతు. తక్కినదంతా పచ్చిమేత, నీళ్లు, నీడ, వేళకు వైద్యం. అన్‌మోల్ 1,500 కిలోలు కూతుళ్ల పొదుగులోకి దిగవు. నూనె మర్దన మెరుపు అసలే దిగదు.

అన్‌మోల్ వార్తల్లో చానెళ్లు గడగడా చదివి దాటేసిన వాక్యం ఒకటుంది. దాని తల్లి రోజుకు 25 లీటర్ల పాలిచ్చేదట. ఈ కథ మొత్తంలో దున్న యోగ్యతకు సాక్ష్యమని చెప్పదగ్గది ఆ ఒక్క ముక్కే. ఆ తల్లినీ, తోడబుట్టిన గేదెనూ యజమాని అమ్మేశారు. ఎందుకయ్యా అంటే, అన్‌మోల్ ఖర్చు భరించడానికట. ఇంట్లో నిజంగా అమ్ముడైనవి పాలిచ్చే రెండే. ఎంతకు అమ్మారని మైకు అడగలేదు. ఆ బేరం కోట్లలో జరిగి ఉండదు కదా, స్క్రోలింగుకు పనికిరాదు.