రీఫ్ అల్లుడు

డాలస్ చుట్టుపక్కల ఊళ్ళలో స్థిరపడ్డ తెలుగు అల్లుళ్ళలో చాలా రకాలున్నాయి. వారాంతమంతా క్రికెట్ ఆడే అల్లుడు, పెరట్లో మటన్ కాల్చే అల్లుడు, షేర్ల గురించి తప్ప నోరు విప్పని అల్లుడు. వీళ్ళందరితోనూ వేగవచ్చు. రీఫ్ అల్లుడి సంగతి వేరు. హాల్లో టీవీ ఉండాల్సిన చోట 120 గ్యాలన్ల ఉప్పునీటి తొట్టె దించి, అందులో పగడాలు పెంచుతుంటాడీయన.

ఈయనది భీమిలి అనుకుందాం. డాలస్ నుంచి సముద్రం చూడాలంటే గల్వెస్టన్‌కి నాలుగైదు గంటల కారు ప్రయాణం. "ఏట్రా, ఇంటి ముందర సముద్రాన్ని ఒగ్గీసి, అక్కడ బకెట్లో ఉప్పు కలుపుకుంతన్నావా?" అని ఫోన్లో కన్నతండ్రి నిలదీస్తాడు. అది కూరల్లో వేసే ఉప్పు కాదనీ, కాల్షియం, మెగ్నీషియం వగైరాలు కలిసినదనీ, ఆర్వో నీళ్ళలో లీటరుకు 35 గ్రాముల లెక్కన తూచి కలపాలనీ ఈయన వివరిస్తాడు. ఇండియాలో పగడాలు ఇంట్లో పెట్టుకుంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఊరుకోదని కూడా చెబుతాడు. పెద్దాయన "సర్లే" అని ఫోన్ భార్య చేతికిచ్చేస్తాడు.

అసలు మనిషి బయటపడేది శనివారం పొద్దున్న. అది తొట్టె శుద్ధి రోజు. అద్దానికి లోపలొకటి, బయటొకటి అయస్కాంతాలు పెట్టి, బయటిది జరిపితే లోపలిది పాచి గీకుతుంది. అదెవడైనా చేస్తాడని ఈయనకు చులకన. ఈయన ప్రాణమంతా చెయ్యి దూరని చోట్ల మీదే. రాళ్ళ వెనక గోడ, నీళ్ళు పొంగి కిందికి దిగే గొట్టం ఉండే ఇరుకు అర, పంపు లోపలి రెక్క, రెండు అద్దాలు కలిసే మూల. ఆ మూలలో బ్లేడు పెడితే సిలికాన్ తెగి సముద్రం హాల్లోకి వస్తుంది. అందుకని కాలం తీరిన క్రెడిట్ కార్డు అంచుతో సుతారంగా గీకుతాడు. కార్డు కాలం తీరడానికి ఈ తొట్టే కారణమని వాళ్ళావిడ అనుమానం.

ఫ్రిజ్ వెనక దుమ్ము అడుగుమందాన పేరుకున్నా ఈయన కంటికి ఆనదు. రాయి వెనక వీసమెత్తు పాచి ఉందంటే మాత్రం అర్ధరాత్రి టార్చి పట్టుకుని లేస్తాడు. వెనక గోడకు ఊదారంగు పెంకు కడుతుంది, కొరలైన్ ఆల్గే అంటారు. అదే రాళ్ళ మీద కడితే నీళ్ళు బాగున్నాయని మురిసిపోయి ఫోటో తీస్తాడు. అద్దం మీద కడితే పళ్ళు కొరుకుతూ ప్లాస్టిక్ గొట్టానికి కట్టిన టూత్‌బ్రష్షు అందుకుంటాడు. బ్రష్షు ఎవరిదన్న విచారణ తర్వాత జరుగుతుంది.

వాళ్ళిల్లు శుద్ధ శాకాహారం. అయినా టర్కీ కోడి మీద రసం పోసే రబ్బరు బుడ్డి గొట్టం ఒకటి సింకు పక్కన వేలాడుతుంటుంది. దాంతో రాళ్ళ సందుల్లోకి నీళ్ళు కొట్టి మురికి లేపుతాడు. సున్నం పట్టిన పంపు రెక్కను వెనిగర్‌లో నానబెడతాడు. ఏ గిన్నెలో అన్నది ఆ ఇంట్లో వారంవారం తగువు.

చెయ్యి దూరని చోటికి పంపడానికి నత్తల్ని కూడా కొన్నాడు. ఆస్ట్రేయా అనే రకం నత్త పాచి బాగానే తింటుంది. కానీ ఇసుకలో వెల్లకిలా పడితే తనంతట తాను లేవలేదు. ఆఫీసు మీటింగు మధ్యలో లేచి వెళ్ళి దాన్ని బోర్లా తిప్పి వస్తాడు. పొంగు గొట్టంలో దూరిన నత్తను తియ్యడానికి భుజం దాకా మునిగి ఉండగా వాళ్ళావిడ కేకేస్తుంది:

"ఏమండీ, పిల్లాడి స్నానం అయిందా?"

"పది శాతం నీళ్ళు మార్చాను."

ఒక్క విషయంలో ఈయన్ని ఎగతాళి చెయ్యను. జోయాంథిడ్లనే జీవుల్లో కొన్నిటిలో పాలిటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. అవి అంటుకున్న రాళ్ళను మరగబెడితే విషం ఆవిరితో లేచి ఇంటిల్లిపాదీ ఆస్పత్రి పాలైన ఉదంతాలున్నాయి. బ్రష్షుతో తోమినా ప్రమాదమే. అందుకే ఆ రాళ్ళ జోలికెళ్ళేటప్పుడు గ్లవ్సు, కళ్ళజోడు లేనిదే ముట్టుకోడు. ఆరు నెలలుండి పోదామని వచ్చిన అత్తగారు "ఇంత యాతనెందుకు బాబూ, ఆ రాళ్ళు ఓసారి మరగేసేస్తే పోలా!" అన్న రాత్రి నుంచీ, ఆవిడ స్టవ్ దగ్గరికి వెళ్ళినప్పుడల్లా ఈయన రాళ్ళు లెక్కపెట్టుకుంటున్నాడు.

వాళ్ళింటికి భోజనానికి వెళ్ళేవారికి ఒక మనవి. ఫ్రీజర్‌లో రొయ్యలు కనబడితే ఆశపడకండి, అవి చేపల భోజనం. వెనిగర్ అడక్కండి. తొట్టె ఎంత బాగుందో ఎంతసేపైనా పొగడండి. ఆ మూల ఏదో పచ్చగా కనిపిస్తోందని మాత్రం పొరపాటున కూడా అనకండి. అన్నారో, ఆ పూట వడ్డించే దిక్కుండదు.