కొట్టినవాడు, కొట్టించినవాడు

రంగము: మంచిర్యాలలో ఒక పాఠశాల మైదానమునకు ఎదుటనున్న చాయ హోటలు. సంక్రాంతికి ఇంక వారము దినములే యున్నవి. గోదావరికి ఈవలనున్న ఆదిలాబాదు వైపు గ్రామములును, ఆవలనున్న కరీంనగరము వైపు గ్రామములును తలపడనున్న కబడ్డీ పోటీలకై కూలీలిద్దరు మైదానములో సున్నపు గీతలు గీయుచుండగా, ఆ పోటీలకు ధనము తానే ఇచ్చి, కప్పు తానే కొని, జట్లలో ఒకదానిని తానే నిలిపి, తీర్పరిని సైతము తానే పిలిపించిన కంట్రాక్టరు బల్లకు శిరోభాగమున ఆసీనుడై యున్నాడు. ఆయనకు కుడిప్రక్కన కెనడా దేశమునుండి పండుగకు వచ్చిన అల్లుడు, ఎడమప్రక్కన వకీలు, ఎదుట కరీంనగరమునుండి తీర్పరిగా వచ్చిన పీఈటీ సారు, గోడవార స్టూలుమీద బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన పహిల్వాను కలరు. అల్లుడు సగము ఇంగ్లీషునను, మిగిలిన సగము అత్తవారి గౌరవార్థము తెలుగునను మాటలాడెను. పాఠకుల సౌకర్యము కొరకు అంతయు తెలుగు చేయబడినది. పహిల్వాను మాటలను మార్చుటకు మాత్రము మాకు ధైర్యము చాలలేదు.

కంట్రాక్టరు: సారూ, చాయ చల్లారకముందే ఒక మాట విన్నవించుకొందును. మా జట్టులో కూతకు పోవు పిల్లవాడు సన్ననివాడు, చురుకైనవాడు. వానిని కిందటి యేడు మీ కరీంనగరము వైపువారు నలుగురు కలిసి ఎత్తి గీత బయట పడవేయగా భుజము జారినది. అది ఆట యందురా, దౌర్జన్య మందురా?

పీఈటీ సారు: ఆనాడే మీవాడొకడు మా పిల్లవాని కాళ్లకు తన కాళ్లతో కత్తెర వేసి, వాడు మోకాలు పట్టుకొని కేక పెట్టువరకు వదలలేదు. మరి అది?

కంట్రాక్టరు: అది పట్టు.

పీఈటీ సారు: కత్తెర నిషిద్ధము, అయ్యా. కూతకు వచ్చినవాని నోరు మూయరాదు, గొంతు నొక్కరాదు, జుట్టు లాగరాదు, బట్ట పట్టరాదు, గాయపడునట్లు మీద విరుచుకపడరాదు అని నియమావళి చెప్పుచున్నది. ఆకుపచ్చ కార్డు హెచ్చరిక. పసుపు కార్డు చూపినచో రెండు నిమిషములు బయట కూర్చుండవలెను. ఎర్ర కార్డు చూపినచో ఆ ఆటలో వాని పని ముగిసినట్లే.

కంట్రాక్టరు: రెండు నిమిషములేనా? అల్లుడా, మీ దేశమున ఎంత?

అల్లుడు: అయిదు, మామయ్యా. కాని దానిలోని శాస్త్రము వేరు. మేముండు ఎడ్మంటన్‌లో ఐస్ హాకీ ఊరికి ఇలవేలుపు వంటిది. రెండువందల అడుగుల పొడవు, ఎనుబదియైదు అడుగుల వెడల్పు గల మంచు పలకమీద ఉక్కు అంచుల స్కేట్లతో దూసుకొనిపోవు ఆటగాండ్రలో ఇద్దరు, కర్రలను చేతి తొడుగులను పారవైచి ముష్టియుద్ధమునకు దిగినచో, తీర్పరులు వారిలో ఒకడు క్రిందపడువరకు చేరువనే నిలిచి చూచి, పిమ్మట విడదీసి, చెరియొక పెట్టెలో అయిదేసి నిమిషములు కూర్చుండబెట్టి, మరల ఆటకు పంపుదురు. ప్రేక్షకులు గోలు పడినప్పటివలెనే అప్పుడును లేచి నిలుచుందురు.

వకీలు: దీనికి ప్రయోజనము?

అల్లుడు: రక్షణ. వేయిన్ గ్రెట్స్కీ అను మహాక్రీడాకారుడు మా ఎడ్మంటన్ ఆయిలర్స్ జట్టులో నున్న కాలమున, ఆయనను ముట్టినవాడు డేవ్ సెమెంకో అను బలశాలికి సమాధానము చెప్పుకొనవలసియుండెను. తరువాత ఆ పని మార్టీ మెక్‌సోర్లీకి వచ్చినది. 1988లో గ్రెట్స్కీని లాస్ ఏంజిలిస్ జట్టునకు అమ్మివేసినప్పుడు, కన్యతో అరణము పంపినట్లు, మెక్‌సోర్లీని కూడ వెంట పంపిరి.

కంట్రాక్టరు: (వెన్ను నిటారుగ చేసి) కొట్టుటకే ఒక మనిషిని జీతమిచ్చి పెట్టుకొందురా?

అల్లుడు: ఒకనినేమి, ఒక జట్టంతయు ఆ పద్ధతినే కప్పు గెలిచినది. ఫిలడెల్ఫియా ఫ్లయర్స్‌ను జనులు బ్రాడ్ స్ట్రీట్ రౌడీలనిరి. 1974లోను, 1975లోను స్టాన్లీ కప్పు వారిదే. ఆ జట్టులోని డేవ్ షుల్ట్స్ 1974–75లో ఒక్క సీజనుననే 472 నిమిషముల దండన పొందెను. ఆ లెక్కను నేటివరకు ఎవరును దాటలేదు.

పహిల్వాను: నాలుగొందల డెబ్బైరెండు నిమిషాలంటే ఎన్ని గంటలాయె బిడ్డా?

అల్లుడు: ఎనిమిది గంటలకు ఎనిమిది నిమిషములు తక్కువ.

పహిల్వాను: అంటే మా బాయిల ఒక షిఫ్టు! షిఫ్టు షిఫ్టంత కూసునుడేనా? మేం గట్ల కూసుంటే మేనేజరు చార్జిషీటు ఇస్తుండె.

అల్లుడు: అట్లనుకొనరాదు తాతా, అందును ఒక మర్యాద గలదు. ఆ బలశాలి మరియొక బలశాలితోనే తలపడును, ముందుగా పిలిచి, ఎదుటివాడు ఒప్పుకొన్న పిమ్మటనే చేయి ఎత్తును, పడినవానిని కొట్టడు. కయ్యమునకు కాలుదువ్వినవానికి అదనపు దండన విధించు నియమము మొదట వచ్చెను. అటుపిమ్మట 2013లో, పోరాటమునకు ముందు తన శిరస్త్రాణమును తానే తీసివేసినవానికి మరి రెండు నిమిషములని శాసించిరి. తలకు దెబ్బ తగులరాదని దాని ఉద్దేశము.

వకీలు: అటుపిమ్మట శిరస్త్రాణముతోనే పోరాడిరా?

అల్లుడు: ఆ యేడే ఒక ఆటలో ఇద్దరు ఎదురెదురుగ నిలిచి, ఒకని శిరస్త్రాణమును మరియొకడు మెల్లగా తీసి ప్రక్కన పెట్టి, పిమ్మట కొట్టుకొనిరి.

వకీలు: (పరవశించి) ఆహా! తన శిరస్త్రాణమును తీయరాదన్నారు గాని, ఎదుటివానిది తీయరాదనలేదు గదా. ఆ ఇద్దరిలో ఒకడైనను న్యాయశాస్త్రము చదివియుండవలెను.

పహిల్వాను: గిదేమన్న కొత్త ముచ్చటనా? ఎన్కట మా కాలరీ పోటీలల్ల ఒంటికి నూనె పెట్టుకోవద్దని రూలు. రెఫరీ వచ్చి చేతులు, తొడలు, మెడ ఒత్తి చూసెటోడు. ఏలు జారితే బయటికే. నేనేం జేసెటోణ్ని? పొద్దుగాల ఆముదం పెట్టుకొని, మీదికెల్లి బూడిద రుద్దుకునేది. రెఫరీ ఏలు బూడిదకు ఆగేది. కూతకు పోయినంక చెమట పట్టి బూడిద కారిపోయేది, ఎవ్వడు పట్టినా మడమ సర్రున జారేది.

పీఈటీ సారు: (నోటుబుక్కు తీసి) పహిల్వాన్ సాబ్, ఆ బూడిద ఏ కట్టెది?

ఇచట కొంతసేపు బూడిదను గూర్చి సాంకేతిక చర్చ జరిగెను. తీర్పరియగు పెద్దమనిషి ఆ వివరమును నివారణార్థము వ్రాసికొనెనో, శిష్యుల హితార్థము వ్రాసికొనెనో మేము నిర్ణయింపజాలము.

కంట్రాక్టరు: బూడిద సంగతి ఉండనిండు. సారూ, మన తెలుగు టైటాన్స్ సంగతి చెప్పుడు. పవన్ సెహ్రావత్‌ను 2023లో రెండుకోట్ల అరువదిలక్షల పైచిలుకు పెట్టి కొనిరి గదా; అయినను ఆ సీజనులో జట్టు పట్టికకు అట్టడుగున పడినది. ఏల? గ్రెట్స్కీని కొన్నవారు మెక్‌సోర్లీని కొనలేదు!

పీఈటీ సారు: కబడ్డీలో అది పొసగదయ్యా. ఇచట ఏడుగురు చేయి చేయి పట్టుకొని నిలుతురు. వచ్చినవానిని అందరును పట్టవలసినదే. అదే 2023 అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల అంతిమపోటీలో, పవన్ సెహ్రావత్ కూతకు పోయి గీత దాటినప్పుడు ఇరానుకు ఎన్ని పాయింట్లు, మనకు ఎన్ని పాయింట్లు అని తగవు వచ్చి, ఇరువైపులవారును మైదానమున కూర్చుండి, ఆట గంటసేపు నిలిచిపోయెను. ఒక్కడును ఒక్కనిమీద చేయి వేయలేదు. నియమపుస్తకము తెరచి చదివిరి, వాదించిరి, తీర్పు మార్చిరి, మరల మార్చిరి. తుదకు భారతము 33, ఇరాను 29.

కంట్రాక్టరు: గంటసేపు వాదమా! అట్టిదానికి జనము టికెట్టు కొనునా?

వకీలు: దానికే గదా మా కోర్టు హాలులో జనము నిండుగ నుండును. వినుడు, చట్టము సంగతి నేను చెప్పెదను. 1860 నాటి శిక్షాస్మృతిలోని 87వ సెక్షను ప్రకారము, ఇద్దరు వినోదార్థము కత్తిసాము చేయుటకు ఒప్పుకొన్నచో, అందు మోసము లేకుండ తగిలిన గాయమునకు ఇద్దరును సమ్మతించినట్లే యగును; ఇప్పటి న్యాయసంహితలోను ఆ మాటయే యున్నది. అయితే సమ్మతించువానికి పదునెనిమిదేండ్లు నిండవలెను, తీవ్రగాయము చేయవలెనను తలంపు ఉండరాదు. అల్లుడుగారు కొనియాడిన ఆ మెక్‌సోర్లీయే, 2000 ఫిబ్రవరిలో వాంకూవరు నగరమున డొనాల్డ్ బ్రాషియర్ అను ఆటగాని తలమీద వెనుకనుండి కర్రతో కొట్టి, వాడు మంచుమీద స్పృహ తప్పగా, ఆయుధముతో దాడి చేసిన నేరము క్రింద బోనెక్కెను. నేరము రుజువైనది; చెఱసాల మాత్రము లేకుండ షరతులతో విడిచిపుచ్చిరి.

కంట్రాక్టరు: వాని యజమానులు?

వకీలు: బోనులో ఒక్కడే నిలిచెను. అది ఎల్లప్పుడు అంతే. గదాయుద్ధమున నాభికి దిగువ కొట్టరాదన్న నియమముండగా, కృష్ణుడు అర్జునునితో మాట చెప్పెను, అర్జునుడు తన తొడ చరచి చూపెను, భీముడు దుర్యోధనుని తొడలు విరుగగొట్టెను. ఇద్దరికిని గద నేర్పిన గురువు, ఆనాటి తీర్పరి యనదగినవాడు, బలరాముడు నాగలి ఎత్తినది ఎవనిమీదికి? భీముని మీదికి. తొడ చరచినవాని చేతిలో ఏ ఆయుధమును లేదు, మాట చెప్పినవానిమీద సాక్ష్యమే లేదు. కావున నా సలహా యేమనగా, పటేలా, ఎట్టి పరిస్థితిలోను నోట ఆజ్ఞాపింపకుడు.

పహిల్వాను: గిది మాకు భారతం చదివితెనే తెలిసిందా వకీలు సాబ్? గడీల దొర ఎన్నడన్న చెయ్యి లేపిండా? కుర్సీల కూసొని మీసం మీద ఏలు పెట్టేది. వాకిట్ల ఉన్నోడు కట్టె లేపేది. తర్వాత ఊరంత తిట్టేది వాకిట్ల ఉన్నోణ్నే. దొరనేమో శానా నెమ్మదస్తుడనేది.

(కంట్రాక్టరు మీసముమీదికి పోవుచున్న చేతిని దించి చాయ గ్లాసు అందుకొనెను.)

పహిల్వాను: సరే గని బిడ్డా, మీ దేశంల గా కొట్టెటోళ్లు, కొట్టుడు అయిపోయినంక ఏం జేస్తరు?

అల్లుడు: (కొంచెము తడబడి) డెరెక్ బూగార్డ్ అని ఒకడుండెను. ఆరడుగుల పైన ఎత్తు, అందరికిని వానియెడ భయము. 277 ఆటలు ఆడి 3 గోల్సు చేసెను.

కంట్రాక్టరు: మూడా! జీతమెంత?

అల్లుడు: న్యూయార్కు రేంజర్స్‌తో నాలుగు సంవత్సరములకు 65 లక్షల డాలర్ల ఒప్పందము.

కంట్రాక్టరు: మూడు గోల్సుకు!

పీఈటీ సారు: గోల్సుకు గాదు, అయ్యా. వాని పిడికిళ్లకు.

అల్లుడు: ఆ ఒప్పందములో మొదటి యేడు సగము గడువకముందే తలకు దెబ్బ తగిలి ఆటకు దూరమయ్యెను. చేతుల నొప్పికి, వెన్ను నొప్పికి అలవాటైన మందులు, దానిపైన మద్యము; 2011 మే నెలలో, ఇరువదియెనిమిదేండ్ల వయసున, నిద్రలోనే పోయెను. బోస్టనులో వాని మెదడు పరీక్షించిన వైద్యులు, తలకు పదేపదే దెబ్బలు తగిలినవారికి వచ్చు మెదడు క్షీణత అందు కనబడినదనిరి. ఆ వేసవిలోనే అట్టి పని చేసిన ఆటగాండ్రు మరి యిద్దరు పోయిరి. ఇప్పుడు జట్లు అట్టివారిని దాదాపు పెట్టుకొనుట మానినవి, మామయ్యా.

కంట్రాక్టరు: మానినవా? అయ్యో, అట్లయిన మనమే మొదలు పెట్టవలెను. పహిల్వాన్, నీ మనుమడు మడమ పట్టినాడన్న వదలడట గదా? ఈ సంక్రాంతికి వానిని మా జట్టుకు పంపుము. కూతకు పోనక్కరలేదు, పాయింట్లు తేనక్కరలేదు. మా సన్ననివానిని ముట్టినవాని మోకాలును ఒక్కసారి పలకరించిన చాలును.

పహిల్వాను: పోరనికి పదిహేడే నిండినయి, పటేలా.

వకీలు: సమ్మతి చెల్లదు.

కంట్రాక్టరు: పుట్టినతేదీ దిద్దించుట నాకు వదలుడు.

పహిల్వాను: వాని మోకాలే ఇరిగితే?

కంట్రాక్టరు: ఆరోగ్యశ్రీ ఉండనే ఉన్నది.

పహిల్వాను: ఎర్ర కార్డు చూపెడితే?

కంట్రాక్టరు: సారు మనవాడే.

పీఈటీ సారు: నేను కరీంనగరమువాడను.

కంట్రాక్టరు: రానుపోను చార్జీలు, పూటకు మటన్ భోజనము, శాలువ. ఇంత పెట్టినవానిని మరచునంతటి కరీంనగరమువారా మీరు?

(పీఈటీ సారు నోటుబుక్కు మూసెను.)

పహిల్వాను: మంచిది పటేలా. గప్పుడు మా పోరని ఫోటో ఫ్లెక్సీ మీద ఏస్తవా?

కంట్రాక్టరు: ఫ్లెక్సీ నిండిపోయినది పహిల్వాన్. ఎమ్మెల్యేగారు, మండలాధ్యక్షులు, వారి మధ్య నేను, మూలకు మా అల్లుడు విమానముతో సహా. కప్పు బొమ్మకే చోటు చాలక, అడుగున ప్రెస్సువాని ఫోను నంబరు ప్రక్కన ఇరికించిరి.

పహిల్వాను: గట్లనా? సారూ, మీ కరీంనగరం జట్టుల జాగ ఉన్నదా? పోరడు కూత మంచిగ పెడ్తడు.

పీఈటీ సారు: జాగ ఉన్నది పహిల్వాన్ సాబ్. వచ్చునప్పుడు బస్సులో మావారు అదే చెప్పిరి. కూతకు మాకు ముగ్గురున్నారు; కత్తెర వేయువాడే దొరకుట లేదట.