కుంపటి తోముట

భోజనమునకు సూరత్, మరణమునకు కాశీ యని గుజరాతీ సామెత. దీనిని కట్టిన పుణ్యాత్ముడెవరోగాని భోజనానంతరము జాలీ తోమినవాడు కాడని నా దృఢవిశ్వాసము. తోమియున్నచో ఆ రెండు పురములకు నడుమ, నడుము విఱుగుటకై మూడవ పురమొకటి తప్పక పేర్కొనియుండెడివాడు.

సూరత్‌లో, తాపీనది పడమటి యొడ్డున, అడాజన్‌లో మా నివాసము. ఏటేట జనవరి 14వ తేదీన, ఉత్తరాయణ పుణ్యకాలమున, ఈ నగరమందలి జనులందఱు మేడలెక్కి గాలిపటము లెగురవేయుచు, తెగిన ప్రతి పటమునకు "కాయ్‌పో ఛే" యని దిక్కులు పిక్కటిల్లునట్లు కేకలు పెట్టుచు, నడుమ నడుమ ఉంధియూను జిలేబీని ఆరగించుచుండగా, మా సొసైటీవారు మాత్రము వీనితో తృప్తి చెందక డాబా మీద సిగ్డీ యొకటి వెలిగింతురు. సిగ్డీ యనగా మన కుంపటియే. కాకున్న మన కుంపటి ముంగిట నొకమూల నొదిగియుండునట్టిది, ఇది నూనె పీపాను నిలువున చీల్చి, ఇనుప కాళ్లతికి, పైన జాలీ పఱచిన మహాకాయము. "మా వైపు ఇంటింటా కుంపటే, మా వారికి దాని ఆనుపానులన్నీ తెలుసు" అని మా ఆవిడ యొక శుభముహూర్తమున పొరుగు బెన్‌లతో ననుటచే, నాటినుండి అది నాకు గుండెల మీది కుంపటి యైనది. నిజమునకు కుంపటి తోమినది మా నాయనమ్మ. నేను విసనకఱ్ఱతో విసరి నా కన్నులలో నేనే బూడిద కొట్టుకొన్నవాడను మాత్రమే.

మఱునాడు గుజరాతీలకు వాసీ ఉత్తరాయణ్, అనగా చద్ది పండుగ, మనకు కనుమ. కనుమనాడు కాకైనను కదలదను పెద్దల మాటను ప్రమాణముగా చూపితిని.

"కాకి కదలక్కర్లేదు లెండి, మీరు కదిలితే చాలు. సాయంత్రానికి రంగు ఎలాగూ కలుస్తుంది" అని మా ఆవిడ కొబ్బరిపీచు చేతికిచ్చినది.

ముందుగా బూడిద యెత్తవలెనుగదా యని, రాత్రియంతయు చల్లారి విభూతివలె తెల్లగా, పరమశాంతముగా కనబడుచున్న దానిని ప్లాస్టిక్ బక్కెట్టులోనికి దించితిని. నివురుగప్పిన నిప్పు అను మాటను నేను జీవితమున పలుమాఱులు వాడినవాడనే, సభలలో గూడ. కాని బొగ్గు గాలి తగులక బూడిద క్రింద మఱునాటికిని ప్రాణములతో నుండునని, ఆ మాట అక్షరాలా నిజమని, బక్కెట్టు అడుగు ఊడి నా పాదములపై పడువఱకు తోచలేదు.

ఇక జాలీ. దానికి ఇరువదియేడు ఊచలు, నక్షత్రము లెన్నో అన్ని. పై పొర, నిన్నటి పనీర్ ముక్కలకు పట్టించిన పెరుగు, శనగపిండి, కారము మాడి బెరడు కట్టినది. దాని క్రిందిది, నూనె కాగి కాగి లక్కవలె బిగిసినది. అంతకు క్రిందిది గత సంవత్సరపుదో, అంతకు ముందటిదో, చరిత్రకారులు తేల్చవలసినది. సబ్బునీరు పోయగా తామరాకు మీది నీటివలె జాఱిపోయినది. ఊచల పైభాగము తోమగా అడుగు మిగిలెను. అడుగు తోమగా ప్రక్కలు మిగిలెను. ఊచ గుండ్రనిదను రేఖాగణిత సత్యము నాకానాడు బోధపడినది.

పోంక్ కాల్చువారిని తలచినప్పుడెల్ల నాకు అసూయ. శీతకాలమున అడాజన్‌లో వెలయు ఆ అంగళ్లలో లేత జొన్నకంకులను సరాసరి కణకణలాడు నిప్పుల బూడిదలో గ్రుచ్చి, వేగగానే గుడ్డలో చుట్టి కఱ్ఱతో బాదుదురు. అప్పుడు రాలు పచ్చని గింజలే పోంక్. వానితో కలుపుకొనుటకు నిమ్మ, మిరియాల రుచి గల సేవ్ నిత్తురు. నదికావల లింబాయత్, ఉధ్నా ప్రాంతములలో మరమగ్గముల పనికై వచ్చి స్థిరపడిన తెలంగాణ నేతవారికి ఇది "ఊసబియ్యం", అనగా ఊచబియ్యము. ఊచ పేరులోనే గాని వంటలో లేదు, జాలీ లేదు, తోముట లేదు. నాగరకత యనగా నిది.

నేనిట్లు తత్త్వచింతనలో నుండగా, మాంజా కోతలకు వ్రేళ్లన్నిటికి పట్టీలు చుట్టుకొన్న పై అంతస్తు కాకా నా ప్రక్కన నిలిచి, "భాయ్, చల్లారిన జాలీతో కుస్తీ పట్టేవాళ్లని మిమ్మల్నే చూశాను. మళ్లీ వెలిగించండి" అనెను. మిగిలిన బొగ్గులు రాజేసి జాలీని పైన పెట్టగా, పావుగంటలో ఆ బెరడు తనంత తానే మాడి పొడియై పెచ్చులూడసాగెను. పటకారుతో అర ఉల్లిపాయను పట్టి ఊచల వెంట రుద్దించెను. నేను తెచ్చిన ఇనుపతీగల బ్రష్షును మాత్రము తన గాలిపటపు దారము చుట్టిన ఫిర్కీ క్రింద దాచివేసెను. దాని వెండ్రుక యొకటి విఱిగి ఊచ కంటుకొని, వంకాయతోపాటు గొంతు దిగినచో ఆసుపత్రియే శరణ్యమట. పిమ్మట జాలీ చల్లారగా చల్లని బూడిద తడిపి కొబ్బరిపీచుతో తోమితిని. బూడిదలోని క్షారము జిడ్డుతో కలసి సబ్బగునని రసాయనశాస్త్రము చెప్పును. మా నాయనమ్మ ఆ శాస్త్రముతో నిమిత్తము లేకయే నలువదేండ్లు గిన్నెలు తోమినది. తడిబూడిద నిలిచిన ఇనుము త్రుప్పు పట్టును గనుక కడిగిన వెంటనే తుడిచి, నూనె గుడ్డతో నొకసారి నిమిరితిని.

"నిన్న రాత్రి వేడిమీదనే రుద్దియుంటే పది నిమిషాల పని" అని కాకా.

"ఆ మాట నిన్ననే చెప్పవచ్చును గదా?"

"చెప్తే, నన్నే చేయమనేవారు. అప్పుడే జిలేబీలు వస్తున్నాయి."

సంధ్యవేళకు ఇరువదియేడు నక్షత్రములును మెఱయుచుండెను. బెన్‌లందఱు వచ్చి చూచి మా ఆవిడ మాట నిజమేనని మెచ్చుకొనిరి. ఇంత శుభ్రముగా నున్నది, పండుగ యింకను ముగియలేదు, ఈ రాత్రికి మఱియొకసారి వెలిగింతమా యని ఎవరో యనిరి. ఎవరా యని వెనుదిరిగి చూచితిని. కాకా చేతిసంచిలో అప్పటికే రెండు కిలోల వంకాయలుండెను.