త్రిసెన్సరీయం: టీకా తాత్పర్య సహితం

మూలం

లోతు 40 మీటర్లు, సెట్‌పాయింట్ 1.30;
సెన్సరు ఒకటి 1.19, రెండు 1.20, మూడు 1.58;
సగటు 1.32.

అవతారిక

ఈ మూడు పాదాలూ ఏ కవీ చెప్పినవి కావు. రీబ్రీదర్ తగిలించుకుని సముద్రంలోకి దిగిన డైవరు పైకి వచ్చాక, అతని చేతి కంప్యూటరు లాగులో ఇలాంటివి పది సెకన్లకొకటి చొప్పున గంటకు 360 దొరుకుతాయి. ఇక్కడి అంకెలు ఉదాహరణకు అల్లినవే గాని, జబ్బు మాత్రం నిజంగా ఉన్నదే. మామూలు సిలిండరుతో దిగినవాడు వదిలిన ఊపిరి బుడగలై పోతుంది. రీబ్రీదర్‌లో అది వృథా పోదు. సోడా లైమ్ డబ్బాలో బొగ్గుపులుసు వాయువును వదిలించుకుని, ఖర్చయిన మేరకు ఆక్సిజన్ కలుపుకుని మళ్లీ నోటికే వస్తుంది. సిలిండరువాడు పీల్చే ఆక్సిజన్ పీడనాన్ని లోతునుబట్టి లెక్క కట్టేయొచ్చు: 40 మీటర్ల దగ్గర మొత్తం పీడనం 5 బార్లు, గాలిలో ఆక్సిజన్ 21 శాతం, కాబట్టి 1.05. దాన్ని గీతగా గీస్తే లోతు గీతకు నీడలా పడి ఉంటుంది, కొత్త కబురేమీ చెప్పదు. రీబ్రీదర్‌లో ఆ లెక్క చెల్లదు, కొలిచి తీరాలి. కొలిచేవి మూడు సెన్సర్లు. ఆ మూడు నోళ్ల మాటనూ సాఫ్ట్‌వేరు పాత అలవాటుకొద్దీ ఒక్క గీతగా కుదించినప్పుడల్లా ఇలాంటి టీక ఒకటి అవసరమవుతుంది.

టీక

'సెట్‌పాయింట్' అనగా యంత్రం నిలబెట్టాలని ఒట్టు పెట్టుకున్న ఆక్సిజన్ పీడనం. కోరిక అని అర్థం, జరిగినదని కాదు. 'సెన్సరు' అనగా ఆక్సిజన్ తగిలితే కొన్ని మిల్లీవోల్టులు పుట్టించే రసాయన బిళ్ల. సినిమా సెన్సారుతో దీనికి సంబంధం లేదు, అయినా కిందనున్న ఓటింగు సంగతి విన్నాక బొత్తిగా లేదనీ అనలేం. వయసు మీరిన సెన్సరుకు ఒక వింత జబ్బు పట్టుకుంటుంది: తక్కువ పీడనాల దగ్గర చక్కగానే పలుకుతుంది, ఒక ఎత్తు దాటాక గొంతు లేవదు. ఇక 'సగటు' అన్నచోట వ్యాఖ్యాతలు రెండు పాయలయ్యారు. మూడింటినీ కూడి మూడుతో భాగిస్తే 1.32. దగ్గర దగ్గరగా ఉన్న రెంటిని పట్టుకుని, దూరంగా ఉన్నదాన్ని వెలేస్తే 1.20 అని పాఠాంతరం. యంత్రాల్లో చాలావరకు ఈ ఓటింగు పద్ధతే నడుస్తుంది. మొదటి పాఠం ప్రకారం అంతా సలక్షణంగా ఉంది, కోరిన 1.30కి వెంట్రుకవాసి తేడా. రెండో పాఠం ప్రకారం ఆక్సిజన్ కాస్త తగ్గింది, ఇంకొంచెం వదలాలి. యంత్రం వదులుతూనే ఉంటుంది. కానీ మొదటి రెండు సెన్సర్లూ 1.20 దగ్గర గొంతు పోయినవే అయితే, నిజం పలుకుతున్నది ఆ వెలివేసిన మూడోదే. డైవరు పీలుస్తున్నది 1.58. హద్దుగా చెప్పుకునే 1.6 దాటేకొద్దీ మూర్ఛ ముప్పు పెరుగుతుంది, నీళ్ల అడుగున మూర్ఛంటే మునకే. హెన్రీ ఫ్లూస్ ఆక్సిజన్ రీబ్రీదర్‌ను తయారుచేసిన 1878లోనే, ఒత్తిడి పెరిగితే ఆక్సిజనే విషమవుతుందని తేల్చిన పాల్ బేర్ గ్రంథమూ అచ్చయింది. మూలమూ వ్యాఖ్యానమూ ఒకే ఏడు పుట్టడం అరుదు.

తాత్పర్యం

కనుక గ్రాఫు ముందుగా చూపవలసింది మూడు సెన్సర్ల తగాదాను. సగటు ఆ తర్వాతి సంగతి. ఈ మాట తాటాకు ప్రతులు పరిష్కరించేవారికి కొత్త కాదు. మూడు ప్రతుల్లో రెంట ఒక పాఠం, మూడోదానిలో వేరే పాఠం కనబడితే పరిష్కర్త తలలు లెక్కపెట్టి ఊరుకోడు. ఆ రెండూ ఒకే తల్లిప్రతికి నకళ్లైతే అవి రెండు సాక్ష్యాలు కావు, ఒకటే. ఒకే రోజు కొని, ఒకే తేమలో నాని, ఒకేసారి ముసలివైన రెండు సెన్సర్లూ అంతే. వేమన పద్యాల ప్రతులు ఎన్నో పోగుచేసి పోల్పించి 1829లో అచ్చు వేయించిన సి.పి. బ్రౌను దగ్గరైనా, ఆ తర్వాతి పండితుల దగ్గరైనా, మూడు మాటల్ని కూడి మూడుతో భాగించి నాలుగో మాట పుట్టించిన పరిష్కర్త కనబడడు. ఆ ఘనత సాఫ్ట్‌వేరుకే దక్కింది. మూలంలోని 1.32 ఏ సెన్సరూ పలకని మాట. లైనస్ టోర్వాల్డ్స్ 2011లో మొదలుపెట్టిన సబ్‌సర్ఫేస్ అనే డైవింగ్ లాగు సాఫ్ట్‌వేరులో సెన్సర్లను విడివిడిగా చూపే సదుపాయం ఉంది, సెట్టింగుల్లో టిక్కు పెట్టుకోవాలి. టిక్కు పెట్టేవాడికి అనుమానం ముందే పుట్టి ఉండాలన్నదే దానిమీద నాకున్న పేచీ.

లోతు, ఉష్ణోగ్రత, సిలిండరు పీడనం చాలక ఇంకో మూడు గీతలా, చూసేవాడి కళ్లు తిరగవా అని శంక. తిరగవు. సెన్సర్లు ఏకీభవించినంతసేపూ మూడు గీతలూ ఒకదానిమీద ఒకటి పడి ఒక్కటిగానే కనిపిస్తాయి. జడ విడిపోయినట్టు పాయలయ్యేది తగాదా వచ్చినప్పుడే, సరిగ్గా అప్పుడే కన్ను అక్కడికి పోవాలి కూడా. నీళ్లలో యంత్రం దేన్ని నమ్మిందో దాన్నే కదా లాగు చెప్పాలి అని మరొకరు అడగవచ్చు. ఇది గట్టి ప్రశ్న. యంత్రం 1.20ని నమ్మి ఆక్సిజన్ వదిలిందన్నది జరిగిన సంగతే, దాన్ని చెరిపే హక్కు మనకు లేదు. మందంగా ఒక గీత గీసి 'యంత్రం నమ్మినది' అని పేరు పెడితే సరిపోతుంది. దాన్నే 'ఆక్సిజన్ పీడనం' అని రాయడం మాత్రం తీర్పును తెచ్చి సాక్ష్యం కట్టలో కలిపేయడం.

డైవింగ్ అయిపోయాక ఈ పంచాయితీ ఎందుకన్నది మూడో శంక. అవే సెన్సర్లతో వచ్చే వారం మళ్లీ దిగుతాడు కాబట్టి. 6 మీటర్ల దగ్గర మొత్తం పీడనం 1.6 బార్లు, అక్కడ లూపు నిండా, అంటే ఊపిరి తిరిగే గొట్టాల చుట్టు నిండా, ఆక్సిజన్ నింపితే ఆరోగ్యంగా ఉన్న సెన్సరు 1.6 దగ్గరికి ఎగబాకాలి. మూడు గీతలు గీసిన తెరమీద ఆ అరనిమిషం చూడండి: ఒకటి నిటారుగా లేస్తుంది, రెండు 1.20 దగ్గర తలకు దూలం తగిలినట్టు ఆగి అడ్డంగా సాగుతాయి. ఓటింగు గీతలో అదే అరనిమిషం చిన్న గట్టులా మిగులుతుంది. సెన్సర్లు మార్చే వేళయిందని ఆ గట్టు చెప్పదు, దూలం చెబుతుంది.

విశేషాంశాలు

గ్రాఫులో ఆక్సిజన్ కొలబద్ద 0 నుంచి 2 దాకా కదలకుండా ఉండాలి. అంకెలనుబట్టి సాగే కొలబద్ద పెడితే 1.28కీ 1.32కీ మధ్య ఊగిన గీత శేషాచలం కొండల్లా తెర నిండా లేచి హడలగొడుతుంది. లోతు కిందికి పెరుగుతుంది, ఆక్సిజన్ పైకి. రెండింటినీ ఒకే గడిలో కుక్కకుండా, కాలం మాత్రం కలిసేలా ఒకదాని కింద ఒకటి పరవడం మేలు. వేరుబడ్డ సెన్సరుకు ఎరుపు పూయకూడదు, మన ఉదాహరణలో దోషి అది కాదు గనక. ఇక తీగ ఊడి నాలుగు నిమిషాలు ఒక సెన్సరు అంకెలు రాలేదనుకోండి, అంటే 24 చోట్ల మూలం లేదు. రెండు కొసల్నీ అందమైన సరళరేఖతో అతికించే అలవాటు సాఫ్ట్‌వేర్లకు ఉంది. మూలంలో లేనిది రాయనని ముందే మాట ఇచ్చి కాళిదాసు మీద కలం పెట్టిన మన మెదక్ సీమ మల్లినాథసూరి ఆ పని చేయడు. అక్కడ గీత తెగే ఉండాలి, తెగిన కొస పక్కన చిన్న అక్షరాల్లో ఏ సెన్సరో దాని సంఖ్య.