తుప్పు పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
పాత కారు కొన్న పండితుం డొక్కడు
తుప్పు గీకుచుండు తోడు లేక
షెడ్డు కిచ్చినట్టి శ్రీమంతుఁ డెప్పుడో
వచ్చు ననుచు ఫోను పట్టి యుండు

అవతారిక: పాత కారును సొంతంగా బాగుచేసుకోవాలా, షెడ్డుకిచ్చి చేయించుకోవాలా అన్న వివాదానికి ఈ పద్యమే ప్రమాణం. మూలమూ వ్యాఖ్యా ఒకరివే కాబట్టి కవిహృదయం దగ్గర పేచీ లేదు.

ప్రతిపదార్థం:
పాత కారు = ప్రీమియర్ పద్మిని. కొందరు రోల్స్ రాయిస్ అని అర్థం చెప్పారు. అది పొసగదు. నిజాం వారి 1912 నాటి సిల్వర్ ఘోస్ట్ చౌమహల్లా ప్యాలెస్‌లో భద్రంగా ఉంది; దాన్ని గీకనిచ్చేవారు లేరు. పద్యంలోది బొంబాయి కుర్లాలో ఫియట్ 1100గా మొదలై, 1974లో పద్మిని పేరు పెట్టుకున్న 1089 సీసీ బండి;
కొన్న = ఇంట్లో చెప్పకుండా కొన్న;
పండితుండు = వీడియోలు చూసి ఇంజిన్ శాస్త్రం నేర్చినవాడు;
ఒక్కడు = దీని అర్థం విశేషాల్లో తేలుతుంది;
తుప్పు = పైకి బియ్యపుగింజంత పొక్కుగా కనిపించి, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే వేలు దూరేంత కన్నమయ్యేది;
గీకుచుండు = గీకుతూనే ఉంటాడు. ‘గీకెను’ అనలేదు గనుక పని ముగియలేదని గ్రహించాలి;
తోడు లేక = పక్కన మనిషి లేకుండా;
షెడ్డుకు ఇచ్చినట్టి = తాళాలూ అడ్వాన్సూ కలిపి అప్పగించిన;
శ్రీమంతుఁడు = అప్పగించేనాటికి డబ్బున్నవాడు;
ఎప్పుడో వచ్చును అనుచు = కారు ఏదో ఒకనాడు ఇంటికొస్తుందని నమ్ముతూ;
ఫోను పట్టి యుండు = “ఈ వారం పక్కా సార్” అన్న మాట కోసం ఫోను చెవిన పెట్టుకుని ఉంటాడు.

తాత్పర్యం: సొంతంగా చేసుకునేవాడికి పని తెమలదు, చేయించుకునేవాడికి ఎదురుచూపు తప్పదు అని భావం.

విశేషాలు:

పునరుక్తి చర్చ: ‘ఒక్కడు’ అన్నాక మళ్లీ ‘తోడు లేక’ అనడం పునరుక్తి దోషమని ఆక్షేపణ. దోషం కాదు. కారు పనిలో కొన్ని ఒంటిచేత్తో కావు. బ్రేకు గొట్టాల్లో గాలి తీయాలంటే ఒకరు లోపల కూర్చుని పెడల్ తొక్కి పట్టాలి, ఇంకొకరు చక్రం దగ్గర పడుకుని నిపుల్ వదులు చేసి, ఆయిలుతో పాటు బుడగలు పోయాక బిగించాలి. మొదటి ఆదివారం బావమరిది సరదాగా వచ్చి తొక్కుతాడు. రెండో ఆదివారం అతనికి పెళ్లి ఉంటుంది. అందుకే ‘తోడు లేక’ సార్థకం. ‘ఒక్కడు’ సంగతి తర్వాత చూద్దాం.

పూర్వపక్షం: పద్మినిలో కంప్యూటరు లేదు, భయపడనక్కర్లేదని స్వయంవాదులంటారు. బానెట్ ఎత్తితే అన్నీ కంటికి ఆనుతాయి. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, పాయింట్లు ఎమరీ కాగితంతో రుద్ది, ఫీలర్ గేజితో సందు సరిచూడవచ్చు. కార్బురేటర్ విప్పి పెట్రోలుతో కడిగి జెట్లు ఊదుకోవచ్చు. పట్టేసిన నట్టుకు రాత్రి డీజిలు పోసి ఉంచితే పొద్దున్న కదలొచ్చు. తప్పుగా బిగించినా మళ్లీ విప్పుకోవచ్చు.

ఉత్తరపక్షం: ఇంజిన్ వరకు సరే, రేకు మాటేమిటని షెడ్డువాదుల ప్రశ్న. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌కు చాసిస్ వేరు, బాడీ వేరు. ఫియట్‌కు అలా కాదు; బండి బరువంతా బాడీయే మోయాలి. తలుపుల కింది పట్టీ తుప్పు తిన్నదని లోపల ఆసరా కట్టకుండా కోస్తే బాడీ కుంగుతుంది. ఆ తర్వాత తలుపు ఎంత గుద్దినా పడదు. ఇది మళ్లీ విప్పి సరిచేసే తప్పు కాదు. సిలిండర్ బోరుకొస్తే లేత్ వర్క్స్‌కు పోక ఎవరికీ తప్పదు.

సిద్ధాంతం: విప్పి బిగించే పని యజమానిది, కోసి అతికే పని మేస్త్రీది. అయితే గీకడం ముందు, ఇవ్వడం తర్వాత. కవి పాదాల వరస చూడండి. గీకనివాడికి తన బండిలో రేకెంతో లప్పమెంతో తెలియదు. పలచటి గుడ్డలో చుట్టిన అయస్కాంతాన్ని మడ్‌గార్డు మీద జరిపితే రేకున్నచోట అంటుకుంటుంది, లప్పం మందంగా ఉన్నచోట జారిపోతుంది. జారిన చోటల్లా సుద్దతో గీత గీసి షెడ్డుకు తీసుకెళ్లినవాడితో మేస్త్రీ మాట్లాడే తీరే వేరు. లప్పం పెట్టకముందు రేకు చూపించాలన్న షరతు అతను మాత్రమే పెట్టగలడు. కాబట్టి పండితుడూ శ్రీమంతుడూ ఇద్దరు కారు. ‘ఒక్కడు’ అన్న మాటకు ఇదీ అర్థం.

ధర్మశాస్త్రం: 2021 కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్లు, నంబరులో ‘వీఏ’ అక్షరాలు. “డీజిల్ ఇంజిన్ వేసేద్దాం సార్, మైలేజీ వస్తుంది” అన్న సలహా వింటే ఆ యోగం పోయినట్టే. రోజువారీ తిరుగుడు నిషిద్ధం. ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలుకు, మరమ్మతుకు రోడ్డెక్కవచ్చు. అంటే షెడ్డుకు పోవడానికి శాస్త్రం ఒప్పుకుంది. కూరగాయలకు పోవడానికి ఒప్పుకోలేదు.

వ్యాకరణం: నాలుగు పాదాల్లోనూ కారు కర్తగా ఉన్న క్రియ ‘వచ్చును’ ఒక్కటే. అది తద్ధర్మార్థకం. కార్లు రావడం లోకసహజమని చెబుతుందే గాని, ఈ కారు వచ్చిందని చెప్పదు.

ఫలశ్రుతి: ఈ పద్యాన్ని మననం చేసి, ముందు గీకి, తర్వాత బేరమాడి, వారానికోసారి షెడ్డుకు స్వయంగా వెళ్లి నిలబడ్డవాడి కారు బయటికొస్తుంది. ఫోను చేసి ఊరుకున్నవాడి కారుకు లప్పం ఆరుతూనే ఉంటుంది.